కొరడా దెబ్బల లెక్క జాకీ ఒక్కడి ఖాతాలోనేనా?

బ్రిటిష్ హార్స్‌రేసింగ్ అథారిటీ పెద్దలకు, కొరడా సమీక్ష సంఘం సభ్యులకు,

నమస్కారం.

ఆస్కాట్‌లో 2023 జులై 29న జరిగిన కింగ్ జార్జ్ పందెం మీకు గుర్తుండే ఉంటుంది. మొత్తం పందెం సొమ్ము పన్నెండున్నర లక్షల పౌండ్లు. చివరి ఫర్లాంగుల్లో హుకుం, వెస్టోవర్ భుజం భుజం రాసుకుంటూ వచ్చాయి. తల తేడాతో హుకుందే గెలుపు. అంతకుముందు ఏడాది ఎప్సమ్‌లో గెలిచిన పందెంలోనే కాలి ఎముక విరిగి, మళ్లీ మైదానంలోకి వస్తుందో రాదో అనుకున్న గుర్రం అది. అలాంటి గుర్రం దేశంలోని పెద్ద పందేల్లో ఒకటి గెలుస్తుంటే, దాని మీద పైసా పందెం కాయనివాళ్లు కూడా లేచి నిలబడ్డారు.

కొద్ది రోజులకు మీ సంఘం కూర్చుని వీడియో చూసింది. ఆరు దెబ్బలకు మించకూడని చోట హుకుం జాకీ జిమ్ క్రౌలీ తొమ్మిది కొట్టాడని తేల్చింది. ఇరవై రోజుల సస్పెన్షన్, పది వేల పౌండ్ల జరిమానా. గుర్రం గెలుపు మాత్రం చెక్కు చెదరలేదు. యజమానికి రావలసిన సొమ్ము యజమానికి వచ్చింది, ట్రైనర్ వాటా ట్రైనర్‌కు చేరింది. సంతానోత్పత్తికి వెళ్లాక కూడా హుకుం పేరు పక్కన ఈ గెలుపు ఉంటుంది, దాని ధరలోనూ ఉంటుంది. ఆ మూడు అదనపు దెబ్బల ఫలాన్ని అందరూ పంచుకున్నారు. శిక్ష దగ్గరికి వచ్చేసరికి పంపకం లేదు.

నేను మలక్‌పేట మైదానంలో రేసులు చూడటం నేర్చుకున్న మనిషిని. ఇప్పుడు న్యూబరీకి దగ్గరలో ఉంటున్నాను. గుర్రం నాకు లేదు, జాకీలతో బంధుత్వం లేదు. కొరడాకు హద్దు పెట్టడాన్ని వ్యతిరేకించడానికీ ఈ లేఖ రాయడం లేదు. హద్దు ఉండాలి. ఆ హద్దు దాటినప్పుడు ఎవరి జేబు తడుముతున్నారన్నదే నా అభ్యంతరం. దీన్ని తెలుగులో రాస్తున్నానంటే కారణం, హైదరాబాదులోనూ ఇంకా చాలా చోట్లా రేసులు చూసే తెలుగువాళ్లు ఉన్నారు. ఈ తగాదా ఇవాళ మీది, రేపు వాళ్లది.

వాళ్ల కోసం మీ నియమాన్ని నాలుగు మాటల్లో చెబుతాను. 2023 నుంచి బ్రిటన్‌లో మామూలు చదును పందెంలో ఒక జాకీ గుర్రాన్ని ఉరికించడానికి ఆరుసార్లు, కంచెలు దూకించే పందెంలో ఏడుసార్లు కొరడా వాడవచ్చు. చెయ్యి భుజం కన్నా పైకి లేవకూడదు. ఒక దెబ్బకు గుర్రం స్పందించే వ్యవధి ఇచ్చి గాని రెండో దెబ్బ వేయకూడదు. గెలిచే ఆశ లేని గుర్రాన్ని కొట్టకూడదు. పక్కకు లాగుతున్న గుర్రాన్ని దారిలో పెట్టడానికో, ప్రమాదం తప్పించడానికో వాడితే అది లెక్కలోకి రాదు. హద్దు దాటితే జాకీకి కొన్ని రోజుల సస్పెన్షన్, పెద్ద పందెమైతే దానికి రెట్టింపు. నాలుగు గాని అంతకు మించి గాని దాటితే గుర్రాన్నే అనర్హం చేస్తారు. కొరడా కూడా సినిమాల్లో చూసే తోలు కొరడా కాదు. గుర్రానికి తగిలే భాగానికి మెత్త చుట్టి ఉంటుంది.

కాగితం మీద చూస్తే ముచ్చటైన నియమం. కానీ ఒకటి నుంచి మూడు అదనపు దెబ్బల దాకా ఉన్న గడి చూడండి. అందులో గుర్రానికి ఏమీ కాదు. యజమానికి ఏమీ కాదు. ట్రైనర్‌కు ఏమీ కాదు. మొత్తం ఒక మనిషి మీదే. పోటీ గట్టిగా ఉన్న పందేల్లో ఉల్లంఘనలు దొర్లేది చాలావరకు ఆ గడిలోనే.

పెద్ద పందెంలో శిక్ష రెట్టింపు చేయడం వల్ల భయం పెరుగుతుందని మీరు అనుకుని ఉంటారు. చివరి ఫర్లాంగులో జాకీ బుర్రలో ఏ లెక్క నడుస్తుందో ఒక్కసారి ఊహించండి. తల తేడాతో గెలిస్తే లక్షల పౌండ్లు, అందులో తన వాటా ఏడు శాతం దాపున, చరిత్రలో పేరు, యజమాని చిరునవ్వు. ఓడితే ఇవేవీ లేవు. ఏడో దెబ్బకు కొన్ని రోజుల ఇంటి పట్టు. క్రౌలీ స్థాయి జాకీకి ఆ బేరం గిట్టుబాటవుతుంది. రోజులు రెట్టింపు చేస్తే బేరం ధర పెరుగుతుందే తప్ప బేరం రద్దు కాదు. ధర కట్టలేని చిన్న జాకీ ఒక్కడే దానికి భయపడతాడు. ఆ చిన్న జాకీకి పెద్ద పందెంలో సవారీ దొరకడమే అరుదు.

ఇక్కడ మీరే పెట్టిన ఇంకో నియమాన్ని గుర్తుచేయాలి. గుర్రానికి సాధ్యమైనంత మంచి స్థానం రావడానికి జాకీ మనస్ఫూర్తిగా ప్రయత్నించాలి. ప్రయత్నించలేదని స్టివార్డులకు, అంటే పందెం పర్యవేక్షకులకు, తోస్తే అదీ నేరమే, దానికీ సస్పెన్షనే. ఇది లేకపోతే జూదం నిలవదు, ఆట నిలవదు, ఒప్పుకుంటాను. మలక్‌పేటలో ఫేవరెట్ గుర్రం మూడో స్థానంలో వస్తే జనం నోట మొదట వచ్చే మాట జాకీ పట్టి ఉంచాడనే. అంతకుముందు నిమిషం దాకా అదే జనం కొట్టు కొట్టు అని అరుస్తూ ఉంటారు. మీ ఆస్కాట్‌లో టోపీలు మంచివి కావచ్చు, అరుపులు మాత్రం అవే. ఇంకో వైపు, కొద్దిలో ఓడిన గుర్రం యజమాని వచ్చే నెల జాకీని మార్చేస్తాడు. కారణం చెప్పనక్కరలేదు, కాగితం రాయనక్కరలేదు. బ్రిటన్‌లో జాకీలు ఎక్కువమంది ఎవరి దగ్గరా ఉద్యోగులు కారు, సవారీ దొరికిన రోజే సంపాదన. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్న సామెత మా భాషలో ఉంది. కాకపోతే ఇక్కడ కప్పా, పామూ రెండూ మీ నియమావళిలోనే ఉన్నాయి.

ఈ సంగతి మీకు కొత్త కాదని నాకు తెలుసు. 2011 ఏప్రిల్‌లో ఎయిన్‌ట్రీలో గ్రాండ్ నేషనల్ గెలిచిన బాలాబ్రిగ్స్ విన్నింగ్ పోస్టు దాటగానే అలసిపోయి ఉంటే, జాకీ జేసన్ మాగ్వైర్ వెంటనే కిందికి దిగవలసి వచ్చింది. ఎండ మండుతున్న రోజు. గుర్రాల మీద నీళ్లు కుమ్మరిస్తున్న దృశ్యాలను దేశమంతా టీవీలో చూసింది. కొరడా ఎక్కువగా వాడినందుకు మాగ్వైర్‌కు ఐదు రోజుల సస్పెన్షన్. గెలుపు నిలిచింది. జనం కోపగించుకున్నారు, మీరు సమీక్ష చేశారు. ఆ ఏడాది అక్టోబరు 10న కొత్త నియమం వచ్చింది: చదును పందెంలో ఏడు, కంచెల పందెంలో ఎనిమిది, అందులో చివరి ఫర్లాంగులో గాని చివరి కంచె దాటాక గాని ఐదుకు మించకూడదు. హద్దు దాటితే సస్పెన్షనే కాక జాకీ గెలుపు వాటా కూడా పోతుంది.

వారం తిరగలేదు. రిచర్డ్ హ్యూస్ అంతటి జాకీ రెండు సస్పెన్షన్లు పడ్డాక, ఇక నావల్ల కాదని లైసెన్సు మీకే అప్పజెప్పాడు. అక్టోబరు 15న ఆస్కాట్‌లో ఛాంపియన్ స్టేక్స్. సిర్రస్ దెజ్ ఎగ్ల్ మీద క్రిస్టోఫ్ సుమియాన్ గెలిచాడు. చివరి ఫర్లాంగులో ఐదుకు బదులు ఆరు దెబ్బలు. ఒక్క దెబ్బకు ఐదు రోజుల సస్పెన్షన్, యాభై వేల పౌండ్లకు పైగా వాటా గల్లంతు. ఫర్లాంగు గుర్తు దాటకముందే మొదటి దెబ్బ వేశాననుకున్నానని ఆయన వాదన. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే గుర్రం వీపు మీద వంగి ఉన్న మనిషి పక్కన దాటిపోయే స్తంభాన్ని చూసి లెక్క మొదలుపెట్టాలన్నమాట. అక్టోబరు 21కల్లా మీరు ఆ చివరి ఫర్లాంగు హద్దు తీసేశారు. పది రోజులకు పైగా బతికిన నియమం కోసం జాకీలు పడ్డ పాట్లు అవి.

ఆ గొడవ నుంచి మీరు నేర్చుకున్న పాఠం తప్పని నా అభిప్రాయం. డబ్బు జోలికి వెళితే గొడవ అవుతుంది, రోజులతో సరిపెడదాం అనుకున్నారు. నిజానికి ఆనాడు గొడవ పుట్టింది డబ్బు పోయినందుకు కాదు, ఒక్కడి డబ్బు పోయినందుకు. సుమియాన్ వాటా పోయిన అదే పందెంలో, అదే ఆరో దెబ్బతో గెలిచిన గుర్రం యజమాని, ట్రైనర్ తమ వాటాలు పూర్తిగా అందుకున్నారు. తప్పు సొమ్మయితే మొత్తం తప్పు సొమ్మే కావాలి గదా!

ఇక 2024 అక్టోబరులో న్యూమార్కెట్‌లో జరిగిన సెజారెవిచ్ సంగతికి వద్దాం. మీ నియమం ఎక్కడ పగులుతుందో ఇంత చక్కగా చూపించిన పందెం ఇంకోటి లేదు.

ఐర్లండు నుంచి వచ్చిన ఆల్ఫోన్స్ లె గ్రాండ్, దాని మీద జేమీ పావెల్ అనే అప్రెంటిస్ జాకీ, అంటే ఇంకా పని నేర్చుకుంటున్న కుర్రవాడు. మ్యాన్స్‌మన్ అనే గుర్రాన్ని మూతి తేడాతో దాటి గెలిచారు. మీ సంఘం లెక్క ప్రకారం దెబ్బలు పది. హద్దుకు నాలుగు ఎక్కువ. అంటే గీత దాటినట్టే. గుర్రం అనర్హం, పందెం మ్యాన్స్‌మన్‌కు, పావెల్‌కు ఇరవై ఎనిమిది రోజుల సస్పెన్షన్. అప్పీలు వేశారు. ఆ పదింటిలో ఒక దెబ్బను లెక్కలోంచి తీసేయాలని అప్పీలు ప్యానెల్ తేల్చింది. పది తొమ్మిదయింది. అంతే, గుర్రం మళ్లీ విజేత, మ్యాన్స్‌మన్ మళ్లీ రెండో స్థానం, సస్పెన్షన్ కూడా తగ్గింది.

ఒక్క దెబ్బ లెక్కలో ఉంటే యజమానికి సున్నా, లేకపోతే మొత్తం సొమ్ము. మధ్యలో ఏమీ లేదు. తొమ్మిదో దెబ్బ దాకా గుర్రం వైపు వాళ్లకు చీమ కుట్టినట్టయినా ఉండదు. పదో దెబ్బ పడగానే సర్వం పోతుంది. జాకీకి మాత్రం ఏడో దెబ్బ నుంచే వాత. ఒకే తప్పుకు ఇద్దరికి రెండు వేర్వేరు మెట్లదారులు కట్టారు: ఒకటి ఏటవాలుగా దిగుతుంది, రెండోది మూడు మెట్లు చదునుగా ఉండి నాలుగో మెట్టు దగ్గర బావిలోకి తెరుచుకుంటుంది. అప్పీలు ప్యానెల్ తీర్పు తప్పని నేను అనను. వీడియో వాళ్లు చూశారు, దెబ్బ ఉద్దేశం ఏమిటో తూచారు. కానీ ఒక నియమం ఎంత పదునైన అంచు మీద నిలబడితే, ఆ అంచు దగ్గర అంత ఖరీదైన వకీళ్లు నిలబడతారు. అప్రెంటిస్ కుర్రవాడి ఏడో దెబ్బ కేసుకు అలాంటి వకీలు రాడు. అక్కడ పోయేది అతని రోజులు మాత్రమే గనక.

ఆ పందెం దూరం కూడా చూడండి. సెజారెవిచ్ రెండు మైళ్ల రెండు ఫర్లాంగులు, మా లెక్కలో మూడున్నర కిలోమీటర్ల పైమాటే. అయిదు ఫర్లాంగుల పందెం నిమిషంలో ముగిసిపోతుంది. రెండింటికీ హద్దు ఆరే. నాలుగు మైళ్లకు పైగా పరుగెత్తి ముప్ఫై కంచెలు దూకే గ్రాండ్ నేషనల్‌కు ఏడు. దూరం పెరిగితే దెబ్బలు పెంచమని అడగడం లేదు. అలసిన గుర్రాన్ని ఇంకా ఎక్కువ కొట్టనివ్వండి అనడం అన్యాయం. అయితే నిమిషంలో ఆరు దెబ్బలు తిన్న గుర్రం నియమం ప్రకారం సుఖంగా ఉన్నట్టు, నాలుగు నిమిషాల్లో ఏడు తిన్న గుర్రం హింసకు గురైనట్టు మీ అంకె చెబుతోంది. అలాంటి అంకె మీద ఒక మనిషి జీవనోపాధి రోజులను కొలిచేటప్పుడు కాస్త వినయం ఉండాలి. ఐర్లండులో హద్దు ఎనిమిది, ఫ్రాన్సులో దానికన్నా చాలా తక్కువ. సముద్రం దాటితే గుర్రం చర్మం మారదు.

చర్మం మాట వచ్చింది గనక గుర్రం గురించి కూడా. 2020లో సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు మనిషి చర్మాన్నీ గుర్రం చర్మాన్నీ పోల్చి చూశారు. నొప్పిని పసిగట్టే పై పొరలో రెంటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. గుర్రం తోలు మందం, దానికేమీ తెలియదు అన్న పాత మాట అక్కడితో చెల్లిపోయింది. అదే ఏడాది వచ్చిన ఇంకో అధ్యయనం మీ దేశపు పందేలనే తీసుకుంది. అప్రెంటిస్‌ల కోసం మీరే నడిపే, కొరడా వాడకూడని పందేలు 67, కొరడా వాడనిచ్చే పందేలు 59, మొత్తం 126 పందేలను పక్కపక్కన పెట్టి చూస్తే వేగంలో గాని, భద్రతలో గాని తేడా కనిపించలేదు. నార్వే 1982 నుంచే ఉరికించడానికి కొరడా వాడకాన్ని నిషేధించింది. అక్కడ రేసులు ఆగిపోలేదు.

ఈ అధ్యయనాలు చిన్నవని, వాటి మీద వాదోపవాదాలు ఉన్నాయని మీరు అనవచ్చు. సరే. కానీ కొరడా గుర్రానికి బాధ అని మీరు నమ్మితే ఆ బాధతో వచ్చిన గెలుపును ఎందుకు నిలబెడుతున్నారు? మెత్త చుట్టిన కొరడా బాధ కాదని, చూసేవారికి బాగుండదనే హద్దు పెట్టామని అంటే, చూసేవారి కోసం ఒక జాకీ నెల సంపాదన ఎందుకు కోస్తున్నారు? రెండింటిలో ఏది నమ్మినా ఇప్పుడున్న శిక్ష దానికి పొసగదు.

రోజుల గురించి ఇంకొంచెం చెప్పాలి. సస్పెన్షన్ రోజు అందరికీ ఒకే కొలత అనుకోవడంలోనే అసలు అన్యాయం దాగి ఉంది. పెద్ద యజమానుల దగ్గర ఏడాది ఒప్పందం మీద ఉన్న జాకీకి రోజు పోతే ఒక రోజు పోయినట్టే, ఒప్పందపు సొమ్ము అలాగే ఉంటుంది. వారంలో నాలుగు ఊళ్లు తిరిగి, సవారీకి వంద రెండు వందల పౌండ్ల రుసుము తీసుకుని, అందులోనే ఏజెంటుకూ పెట్రోలుకూ కట్టుకునే జాకీ సంగతి వేరు. అతను ఇంట్లో కూర్చున్న పది రోజుల్లో అతని గుర్రాన్ని ఇంకో జాకీ ఎక్కుతాడు. గెలిపిస్తాడు కూడా. సస్పెన్షన్ ముగిసేసరికి ఆ గుర్రం ఇక అతనిది కాదు. తీర్పు కాగితంలో పది రోజులని ఉంటుంది, అతనికి మాత్రం ఆ పది రోజులు సీజను పొడవునా సాగుతాయి. పైగా అందరూ చూసే పెద్ద పందేల్లో పడే సస్పెన్షన్లే వార్తలవుతాయి. చలికాలం సోమవారం మధ్యాహ్నం, ఖాళీ స్టాండ్ల ముందు నాలుగు వేల పౌండ్ల పందెంలో పడ్డ సస్పెన్షన్ గురించి ఎవరూ సంపాదకీయం రాయరు.

ఇది బ్రిటన్ ఒక్కదాని జబ్బు కాదు. 2020 మెల్‌బోర్న్ కప్‌లో రెండో స్థానంలో వచ్చిన టైగర్ మాత్ మీద కొరడా అతిగా వాడినందుకు కెరిన్ మెకవోయ్‌కు పదమూడు రేసు సమావేశాల సస్పెన్షన్, యాభై వేల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా పడ్డాయి. రెండో స్థానం సొమ్ము మాత్రం యజమానులకు చేరింది. అమెరికాలో 2022లో వచ్చిన దేశవ్యాప్త నియమం ఒక మంచి పని చేసింది. జాకీ జరిమానాను ఆ పందెంలో అతనికి వచ్చిన వాటాతో ముడిపెట్టింది. చిన్న పందెంలో చిన్న జరిమానా, పెద్ద పందెంలో పెద్దది. ఆ ఆలోచనను ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లవలసిన చోటే వాళ్లూ ఆగిపోయారు. అక్కడా నాలుగు దెబ్బలు మించితే గాని గుర్రం సొమ్ము జోలికి పోరు.

నేను అడుగుతున్నది ఇది. మొదటి అదనపు దెబ్బ నుంచే ఆ గుర్రానికి వచ్చిన బహుమతి సొమ్ములో కొంత శాతం కోయండి. ఏ శాతమో మీరు నిర్ణయించండి, దెబ్బ దెబ్బకూ పెరిగేలా పెట్టండి. ఆ కోత యజమాని, ట్రైనర్, జాకీ ముగ్గురి వాటాల్లోనూ అదే నిష్పత్తిలో పడాలి. కోసిన సొమ్ము మీ ఖజానాకు వద్దు. వెనక వచ్చిన గుర్రాల వాళ్లకు ఇవ్వండి, లేదా పరుగు మానిన గుర్రాల పోషణకు పంపండి. అప్పుడు నాలుగో దెబ్బ దగ్గర అగాధం ఉండదు, మెట్లుంటాయి. జాకీ సస్పెన్షన్‌ను ఒకటి రెండు అదనపు దెబ్బలకు తీసేసి, పదేపదే చేసేవారికి, భుజం పైకి చెయ్యెత్తి బాదేవారికి, ఓడిపోయిన గుర్రాన్ని కొట్టేవారికి దాచిపెట్టండి. వాళ్ల మీద నాకు జాలి లేదు.

యజమాని గుర్రం మీద కూర్చోలేదు గదా, అతనికెందుకు శిక్ష అంటారని తెలుసు. గుర్రం రక్తంలో నిషిద్ధ పదార్థం దొరికితే, దాన్ని ఎవరు పెట్టారో తెలియకపోయినా గుర్రాన్ని అనర్హం చేస్తున్నారు. అప్పుడు యజమాని సొమ్ము వదులుకుంటున్నాడు. పందెం అయ్యాక జాకీ బరువు తక్కువగా తూగితే అదీ అంతే. గుర్రం పేరుతో వచ్చే లాభానికి గుర్రం పేరుతో జరిగిన తప్పు కూడా తోడుంటుందని మీ నియమావళి ఇప్పటికే ఒప్పుకుంది, ఒక్క కొరడా దగ్గర తప్ప. యజమానికి తన జేబు కదులుతుందని తెలిస్తే, పందెం ముందు గుర్రాలను తిప్పే ప్యాడక్‌లో జాకీకి చెప్పే చివరి మాట మారుతుంది. ఇవాళ ఆ మాట ఏమిటో మనందరికీ తెలుసు.

పందెం కాసినవారి సంగతేమిటని రెండో అభ్యంతరం. జాకీల తూకం అయ్యి ఫలితం ఖరారయ్యాక బెట్టింగు లెక్క మారదు. కాబట్టి రోజుల తర్వాత వచ్చే అనర్హత వల్ల మ్యాన్స్‌మన్ మీద కాసినవాడికి ఒక్క పెన్నీ రాలేదు, వచ్చేదీ కాదు. సొమ్ము కోత పద్ధతిలో అతనికి ఇప్పటికన్నా నష్టం ఏమీ లేదు. పైగా స్థానాలు తారుమారు కావు గనక రికార్డు పుస్తకం ఇటూ అటూ దిద్దుకోనక్కరలేదు.

మూడో మాట జాకీల సంఘం నుంచి వస్తుందని ఊహిస్తున్నాను. సొమ్ము కోస్తే యజమానులు ఆ నష్టాన్ని చివరికి జాకీల మీదికే తోస్తారు, హద్దు దాటే జాకీకి సవారీలు ఇవ్వరు అని. ఇది నిజమైన భయం, తోసిపుచ్చను. కానీ ఇప్పుడు సవారీ పోయేది కొట్టనందుకు. అప్పుడు పోయేది మితిమీరి కొట్టినందుకు. ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే నేను రెండోదే ఎంచుకుంటాను. చాలామంది జాకీలు కూడా దాన్నే ఎంచుకుంటారని నా నమ్మకం.

మీరు మొండివారు కారు. 2022లో కొరడాను బ్యాక్‌హ్యాండ్‌గా, అంటే చేతి వెనక వైపుతోనే, వాడాలని ప్రకటించి, జాకీలు అది శరీరానికి కుదరదని చెప్పాక అమలుకు ముందే మానుకున్నారు. మానుకున్నందుకు మెచ్చుకున్నాను, బదులుగా దెబ్బల సంఖ్యను తగ్గించినందుకు ఇంకా మెచ్చుకున్నాను. అదే ఓపికతో ఈ శిక్షల పట్టికను కూడా ఒకసారి బల్ల మీద పెట్టండి. ఆ బల్ల చుట్టూ యజమానుల ప్రతినిధులను కూర్చోబెట్టేటప్పుడు, ఏడాదికి ముప్ఫై గెలుపులు కూడా లేని జాకీ ఒకరికి కూడా కుర్చీ వేయండి.

ఇంకొకటి, ఇది వెంటనే చేయగలిగింది. సమీక్ష సంఘం ఇచ్చే ప్రతి సస్పెన్షన్‌తో పాటు ఏ దెబ్బను లెక్కించారు, ఏ దెబ్బను దారి దిద్దే దెబ్బగా వదిలేశారు అన్నది వీడియో మీద గుర్తుపెట్టి అందరికీ కనిపించేలా ఉంచండి. సెజారెవిచ్‌లో ఒక దెబ్బ అర్థం మారితే పందెమే చేతులు మారింది. అలాంటి దెబ్బలు చిన్న పందేల్లో ఎన్ని ఉన్నాయో, అప్పీలు వేసే స్తోమత లేని ఎందరు జాకీలు వాటిని మౌనంగా మోశారో చూసే అవకాశం మాకూ, వాళ్లకూ ఇవ్వండి. వచ్చే చదును సీజను మొదలయ్యేలోపు ఈ ఒక్కటైనా చేస్తారని ఎదురుచూస్తున్నాను.

ఇట్లు,
న్యూబరీ స్టాండులో వెనక వరుసలో నిలబడే ఒక తెలుగు రేసు అభిమాని